నిద్రకు కంపెనీ వాటా

సౌభాగ్యవతి అయిన మా ఆవిడకు,

ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. గోడ గడియారం క్షేమం, కిటికీలో నీ పూలకుండీ క్షేమం. వంటింటి కుళాయి మాత్రం కారుతోంది, దాని సంగతి తర్వాత రాస్తాను. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, కొత్తగా దిగిన చిన్న దొరసానీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. మనవరాలికి నా ముక్కే వచ్చిందని రాశావు. ఆ పిల్లకు నా సానుభూతి చెప్పు. పాలు పొంగబెట్టేస్తున్నానా అని అడిగావు. గిన్నె ఎదుటే కాపలా నిలబడుతున్నాను. నేను తుమ్మేదాకా ఆగి, తుమ్మగానే పొంగుతున్నాయి.

ఇక నీ అసలు ప్రశ్న. కుటుంబ సెలవు ఈ నెలాఖరుతో అయిపోతుంది, పిల్ల రాత్రంతా ఏడుస్తోంది, అమ్మాయికి ఇంకా నడుం నిలబడలేదు, జీతం లేని సెలవు పెట్టి మరో రెండు నెలలు ఉండమంటారా, వచ్చేయమంటారా అన్నావు. జీతం పోతే పోయింది, రిటైర్మెంటు నిధిలో కంపెనీ వేసే వాటా కూడా ఆగిపోతుందా, కనుక్కోండి అన్నావు. నీ భయం నాకు తెలుసు. రిటైరయ్యాక వరండా ఉన్న చిన్న ఇల్లు కొనుక్కోవాలన్న ఆశంతా ఆ నిధి మీదే కదా. వరండాలో ఉయ్యాల ఏ వైపు కట్టాలన్న తగాదా కూడా మనం ముందుగానే పూర్తిచేసి పెట్టుకున్నాం.

కనుక్కున్నాను. మన పరుపుల కంపెనీ లెక్కల గదిలో కూర్చునే అమ్మాయి ఉందిగా, మనం దశాంశం అని పిలుచుకునే పిల్ల, పాయింటు పెట్టి రెండంకెలు చెప్పందే టైమెంతో కూడా చెప్పదు, ఆ పిల్ల దగ్గరికి వెళ్లాను.

“అమ్మా, జీతం లేని సెలవు పెడితే కంపెనీ వాటా పడుతుందా?”

“ఎవరికి?”

“ఊరికే, తెలుసుకుందామని.”

“ఊరికే తెలుసుకునేవాళ్లు పేపరు చదువుకుంటారు బాబాయ్. పిన్నికేనా?”

“పిన్నికే.”

“అయితే వినండి. కంపెనీ వేసే వాటా జీతంలో ఇంత శాతమని లెక్క. ఆర్జిత సెలవు, జబ్బు సెలవు, ప్రసూతి సెలవు, ఇప్పుడు పిన్ని పెట్టిన కుటుంబ సెలవు, వీటన్నిటికీ మన కంపెనీ జీతం ఇస్తోంది. కాబట్టి వాటా పడుతూనే ఉంటుంది. జీతం లేని సెలవులో జీతం సున్నా. సున్నాలో శాతం ఎంత?”

“సున్నా.”

“సున్నా పాయింట్ సున్నా సున్నా,” అని దిద్దింది.

“మరి ఇంతవరకూ వేసింది?”

“అది ఎక్కడికి పోతుంది? ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఆ రెండు నెలలకి కొత్తగా పడదు, అంతే. పిన్ని పనిలోకి వచ్చిన రోజు నుంచి మళ్లీ మొదలు.”

ఇది మన కంపెనీ పద్ధతి. మన అమ్మాయి ఆఫీసులో ఎలా ఉందో వాళ్లనే అడగమను, నా మాట పట్టుకుని పోట్లాటకు దిగగలదు. నీ కూతురు.

నిజం చెప్పొద్దూ, “వాటా ఆగిపోతుంది” అన్న ముక్క వరకే రాసి కవరు అంటించేద్దామనుకున్నాను. మర్నాడే బండెక్కేదానివి. ఎందుకలా అనిపించిందో చివర్లో చెబుతాను. ముందు ఫ్యాక్టరీ కబుర్లు.

ఫ్యాక్టరీ అల్లకల్లోలంగా ఉంది. నువ్వు అంచులు కుట్టి పంపిన పరుపు మీద నేను పడుకుని, కునుకు పడితే పాసు, పడకపోతే ఫెయిలు అనడమే కదా ఇన్నేళ్లుగా నా ఉద్యోగం! మీ అన్నయ్య దీన్ని ఉద్యోగమని ఇప్పటికీ ఒప్పుకోడు. “సెలవు పెట్టి ఏం చేస్తావు బావా, మేలుకుంటావా?” అని నలుగురిలో అడిగిన మనిషి. సరే, ఆయన సంగతి మొదలుపెడితే ఈ కాగితం చాలదు.

నువ్వు వెళ్లిన మర్నాటి నుంచి ఒక్క పరుపు పాసవలేదు. స్పాంజివి ఫెయిలు, స్ప్రింగులవి ఫెయిలు, దూదివి ఫెయిలు. ఫోర్‌మన్ స్పాంజి మార్పించాడు. మేనేజరు స్ప్రింగులు పంపేవాడి మీద ఫోనులో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. గోదాములో ఫెయిలైన పరుపులు కప్పును తాకుతున్నాయి. చివరికి మేనేజరే పరీక్ష గదిలోకి వచ్చి, “ఏముందయ్యా వీటిలో లోపం? నేను చూస్తాను జరుగు,” అని బూట్లు విప్పి నా పక్క పరుపు మీద వాలాడు.

పాపం, అలసిపోయి ఉన్నాడు. “ఇక్కడ నడుం దగ్గర కొంచెం...” అంటూనే మాట సగంలో వదిలేసి గురక అందుకున్నాడు. ఏం గురక! మొదట సన్నని ఈల, మధ్యలో చెక్కకోసే రంపం, చివర్లో కుక్కరు ఆవిరి వదిలినట్టు ఉఫ్ఫని. అది విన్నాను. ఆ తర్వాత నాకేమీ తెలియదు.

దశాంశం వచ్చి ఇద్దరినీ లేపింది. గుమ్మంలో సగం ఫ్యాక్టరీ నిలబడి ఉంది. మేనేజరు బూట్లు వెతుక్కుంటూ, “నేనూ పరీక్షే చేస్తున్నానమ్మా,” అన్నాడు.

“పరుపు మీద నిద్రపోవడం బాబాయ్ డ్యూటీ సార్. ఆయనకి జీతమూ పడుతుంది, వాటా కూడా పడుతుంది. మీ డ్యూటీలో నిద్ర లేదు. సగం రోజు సెలవు రాస్తున్నాను. మీ ఆర్జిత సెలవులు అయిపోయాయి కాబట్టి, జీతం లేని సెలవు.”

“అంటే వాటా కూడా...”

“ఆ సగం రోజుకి పడదు సార్.”

“పోనీ ఆ గురకకైనా ఏదో ఒకటి ఇప్పించమ్మా,” అన్నాడు ఫోర్‌మన్. “నెల రోజుల్లో పాసైన మొదటి పరుపు అదే!”

అందరూ వెళ్లాక ఆ పిల్ల నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. “బాబాయ్, లోపం పరుపుల్లో లేదు కదూ?”

నేను దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాను.

ఇదిగో, చివర్లో చెబుతానన్న ఆ మాట ఇప్పుడు చెబుతున్నాను. నువ్వు గురక పెడతావు. పెట్టనని పెళ్లయిన నాటి నుంచీ వాదిస్తున్నావు. మీ అన్నయ్యను సాక్ష్యానికి కూడా తెచ్చావు. నేను దిండు చంకన పెట్టుకుని వంటింట్లోకి వలసపోయాను. ఇది ఆగితే చాలు, జన్మకు ఇంకేమీ వద్దన్నాను. ఆగింది. నీతోపాటు బండెక్కి వెళ్లిపోయింది. ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దం, నా కళ్లు మూతపడవు. జబ్బు సెలవుకు కాగితమైనా రాసిస్తాడేమోనని డాక్టరు దగ్గరికి పోతే, ఒళ్లంతా తడిమి ఏ జబ్బూ లేదు పొమ్మన్నాడు. కుళాయి సంగతి రాస్తానన్నానుగా, అది కొత్తగా చెడిపోయింది కాదట. ఎప్పటి నుంచో కారుతోందని పక్కింటాయన అన్నాడు. నీ గురకలో నాకెప్పుడూ వినపడలేదు.

కాబట్టి నువ్వు రావద్దు. జీతం లేని సెలవు పెట్టు. నీ వాటా ఆ రెండు నెలలూ ఆగితే ఆగనీ, వరండా ఓ అడుగు తగ్గుతుంది. ఉయ్యాల పట్టేంత ఉంటే చాలు, నువ్వు చెప్పిన వైపే కడదాం. నేనే అక్కడికి వస్తున్నాను. వాడకుండా పేరుకుపోయిన నా ఆర్జిత సెలవును దశాంశం తవ్వి తీసింది. దానికి జీతమూ ఉంది, వాటా కూడా ఉంది. “నిద్రపోయి రావయ్యా బాబూ, గోదాములో చోటు లేదు,” అని మేనేజరు బతిమాలి మరీ సంతకం పెట్టాడు. ఆదివారం బండికి దిగుతాను.

నాకు పరుపు వేయొద్దు. డ్యూటీలో ఉండను కదా, చాప చాలు. రాత్రి పిల్లను నా చేతికిచ్చి నువ్వు మొదట పడుకో. నువ్వు రాగం అందుకున్నావంటే మేమిద్దరమూ నిద్రపోతాం. ముక్కు నాదే వచ్చిందంటే, చెవులూ నావే వచ్చి ఉంటాయి.

ఇట్లు,
ఆదివారం దాకా మేలుకుని ఉండే
నీ ఆయన