దారం ఎక్కించిన సూదులు

అక్కకి,

పోయినసారి వచ్చినప్పుడు, ఈ వయసులో కళ్లజోడు లేకుండా ఎలా కుడుతున్నావే అని అడిగావు. నా చూపుకేం ఢోకా లేదని గొప్పలు పోయాను. అది అబద్ధమని నాకూ మొన్ననే తెలిసింది.

రోజూ పొద్దున్నే పనికి వెళ్లేముందు నీ మరిది ఖాళీ అయిన సూదులకు దారం ఎక్కించి, పాతిక సూదులూ సూదుల దిండుకు గుచ్చి పెట్టేవారు. నేను అడిగిందీ లేదు, ఆయన చెప్పుకున్నదీ లేదు. పైగా, ఇంత పొడుగు దారం వదిలితే ముడిపడదా అని సణిగేదాన్ని.

ఆయన్ని ఆసుపత్రిలో చేర్చి పదిరోజులైంది. ఇరవైనాలుగు సూదులు మూడురోజుల్లో అయిపోయాయి. నేనే ఎక్కించబోతే బెజ్జం కనిపిస్తే ఒట్టు. కిటికీ దగ్గర నిలబడి, దారం కొస తడిపి తడిపి, చివరికి ఏడ్చాను.

డాక్టరు అన్నది ఉత్తరంలో రాయలేను. నిన్న కాసేపు కళ్లు తెరిచి, "సూదులున్నాయా?" అన్నారు.

"బోలెడున్నాయి, మీరు పడుకోండి" అన్నాను.

ఉన్నది ఒక్కటే.

శనివారానికల్లా రా అక్కా. కళ్లజోడు కొనుక్కుందాం, కుట్టుపని ఎలాగో నడుస్తుంది. ఆ ఒక్క సూదిని మాత్రం ముట్టుకోకు. దాని దారం మూరెడు పొడుగుంది, కత్తిరించకు.

నీ చెల్లెలు