డాక్టరు గారి ప్రార్థనకు పదిమంది

కాజీపేట,
1946

పూజ్యులైన అన్నయ్యకు తమ్ముడు ప్రకాశం ప్రభువు పేరిట వందనాలు.

సోమవారం మధ్యాహ్నం మా డాక్టరు గారికి కబురు అందింది. ఆయన తల్లినీ ఇద్దరు తమ్ముళ్ళనూ యుద్ధకాలంలో జర్మన్లు చంపేశారు. ఆయన యూదులు. యుద్ధానికి ముందే పారిపోయి వచ్చి ఇక్కడ వైద్యం చేస్తున్నారు. ఆయన దవాఖాన వెనక గదిలోనే నేను అద్దెకుంటున్నాను.

నేను కులాసా. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పత్రికకు వార్తలు పంపే పని సాగుతోంది. ముసురు పట్టింది. జొన్నరొట్టె అలవాటైంది. ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి పంపండి. ఇల్లు గుర్తొస్తుంది గానీ నా గురించి బెంగ వద్దు.

తల్లి పోతే కొడుకు చదవాల్సిన ప్రార్థన ఒకటి వాళ్ళలో ఉంది. పదిమంది యూదు మగవాళ్ళు కూడితేనే చదవాలి. ఇక్కడ ఆయన ఒక్కరే. సంగతి విని మా చర్చి సంఘపెద్ద యాకోబు గారు తనతో కలిపి తొమ్మిదిమందిని, ఉతికిన బట్టలతో, దవాఖాన వరండాలో కూర్చోబెట్టారు.

"మేం గూడ మీ మూలపురుషుడు అబ్రాహాము పిల్లలమే డాక్టర్ సాబ్. విశ్వాసంతోని అయినం. మీతోని పదిమందిమి. చదువుండ్రి" అన్నారు.

డాక్టరు గారు ఒక్కొక్కరి పేరూ అడిగారు. బెన్యామీను. దానియేలు. శామ్యేలు. చివరి రెండూ ఆయన తమ్ముళ్ళ పేర్లు.

ఇన్నేళ్ళలో రోగులు ఆయనకు ఇక్కడి తెలుగు నేర్పారు. "మీ ప్రేమ పెద్దది పెద్దయ్యా. కానీ మీతోని లెక్క నిండదు. దేవుడు అబ్రాహాముకిచ్చిన మాట మా వంశానికే."

"మళ్ల పుట్టుకేనా సాబ్? పుట్టుక జూసే మమ్ముల ఊరి బాయికాడికి రానియ్యలే. అది పోవాల్ననే గదా ప్రభువు దగ్గరికొచ్చినం!"

"మావోళ్ళను ఆ పుట్టుక జూసే సంపిండ్రు. నేను గూడ దాన్ని ఇడిసిపెడ్తే వాళ్ళది ఏం మిగుల్తది?"

యాకోబు గారు లేచి తనవాళ్ళతో వెళ్ళిపోయారు. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. విశ్వాసంతో అందరం అబ్రాహాము పిల్లలమేనని పాదిరిగా మీరు ప్రసంగంలో తేలిగ్గా చెబుతారు. ఈసారి నిదానించి జవాబు రాయండి.

అప్పటినుంచి కాంపౌండరు రోగిని "దానియేలూ" అని పిలిస్తే డాక్టరు గారు లేచి గుమ్మం దాకా వస్తున్నారు. వచ్చినవాణ్ణి చూసి, తిరిగి వెళ్ళి కూర్చుంటున్నారు.

బొంబాయిలో యూదుల ప్రార్థనాలయం ఉంది, పదిమంది దొరికే ఆ చోటికి వెళ్తానన్నారు డాక్టరు గారు. ఈయన గుండె బలహీనం. ఒంటరిగా పంపడానికి నాకు భయమేసింది. నిన్న యాకోబు గారే వచ్చారు.

"నేనొస్త. లోపటికి రానియ్యకుంటె బయట కూసుంట."

"రానిస్తరు పెద్దయ్యా. లెక్కలకే రారు."

"నా లెక్క ఫికర్ మీకెందుకు సాబ్? జర మీ దవాయిలు మర్వకుండ పెట్టుకోండ్రి."

అమ్మ పాదాలకు నమస్కారాలు. వదినను, పిల్లలను అడిగానని చెప్పండి. డాక్టరు గారి కోసం ప్రార్థించండి. ఇద్దరూ రేపు ఉదయం బండికి బయలుదేరుతున్నారు. ఎల్లుండి సాయంత్రం బొంబాయిలో ప్రార్థన.

మీ దీవెనలు కోరే తమ్ముడు,
ప్రకాశం