లిస్టుల ఒక్కటే పేరు

గ్రేసు వాళ్ల నాయనా,

అత్తమ్మకు జొన్న గటక తాపిన. గంటకోసారి పక్కకు తిప్పు, లేకుంటే వీపు పుండైతది. పక్కింటి సంగమ్మ కూసున్నది, నువ్వు రాంగనే ఆమెను పంపియ్యి. గొడవలకు నువ్వు పాఠాలు చెప్పే బడి బంద్ ఉన్నది గదా, నాలుగు దినాలు నువ్వే చూసుకో.

నేను అజీజ్‌నగర్ పోతున్న. ఎందుకో నాకే సమజైతలేదు. పక్షవాతమొచ్చిన మీ అమ్మను చూసేటందుకు ఆయా కావాలని నిన్న చేవెళ్ల దవాఖానకు పోయిన గదా. ట్రైనింగై, మంజూరైనోళ్లనే ఇండ్లకు పంపుతమని నర్సమ్మ గోడకున్న లిస్టు చూపించింది. మన మొయినాబాదుకు ఒక్కటే పేరున్నది. అది నాదే! గ్రేసు పుట్టకముందు మిషన్ దవాఖానల ఆయా పని నేర్చుకున్నది ఇంకా రాసే ఉన్నది. "నువ్వేనా? అజీజ్‌నగర్ల ఒక ముసలామె కాలు విరిగింది, జర పోవమ్మా" అన్నది. కాదనలేకపోయిన. మనిషిని తెస్తనని పోయి నేనే పోతున్న, ఇదెట్లయిందో!

రెండేండ్ల సంది ఎత్తుతున్న, దించుతున్న. ఈ ఇంట్ల నన్ను పేరు పెట్టి పిలిచినోళ్లు లేరు. ఆ గోడ మీద మాత్రం ఉన్నది.

బస్సుల్లేవు, నడిచే పోత.

"మంచి ఆయా దొరికిందా బిడ్డా?" అని అత్తమ్మ అడిగింది. దొరికిందన్న. నాలుగు దినాలకు వస్తదని చెప్పిన.