పొట్టివాడి పాదాలు ఎటు తిరిగి ఉంటాయి

కెరిన్చి కొండ కింద ఆయెర్ పాకు గ్రామ కాపురస్తుడినైన నేను, సుల్కర్ని కొడుకు నజ్వీర్, వయస్సు డెబ్బై నాలుగు, మోకాళ్లు తప్ప మిగతావన్నీ సవ్యంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, కడుపు నిండా అన్నం తిని కూర్చుని రాయిస్తున్న వీలునామా. ఇంతకు ముందు కాఫీ కొట్టులో నోటిమాటగా నేను చేసిన వాగ్దానాలన్నీ ఇందుమూలంగా రద్దు.

దీన్ని అమలు జరపవలసినది గ్రామపెద్ద నస్రుల్ గారు. నేను పోయాక నలభై రోజుల ప్రార్థనలు అయిన మర్నాడు కాఫీ కొట్టులో, జనం నిండా ఉన్నప్పుడు, గట్టిగా చదివి వినిపించవలెను. సణిగితే చెల్లదు.

1. మా అమ్మ తరఫు పొలం ఆచారం ప్రకారం మా అక్క కూతుళ్లది. అందులో నేను చెప్పేదేమీ లేదు. ఇల్లు నా భార్య రోస్నిదార్‌ది, ఆమె తల్లిది, అంతకు ముందు ఆమె అమ్మమ్మది. యాభై ఏళ్లుగా నేను ఆ ఇంట్లో ఇల్లరికపు అల్లుణ్ణి. మర్యాదకి లోటు రాలేదు, కూరలో కారానికీ లోటు రాలేదు.

2. నా స్వార్జితమైన అడవి బూట్ల జత ముక్తారుద్దీన్‌కు చెందవలెను. పరదేశపు పరిశోధకులకు దారి చూపే పనిలో అతను నాకు పోటీ. నజ్వీర్ వెంట వెళ్తే పొట్టివాడు కనిపించడు, కాళ్ల నొప్పులు మాత్రం వస్తాయని వాళ్లకి చెప్పి నా బేరాలు చెడగొట్టాడు. పదేళ్లు అతనితో మాట్లాడలేదు. అతను చెప్పింది నిజమేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. బూట్లు అతనికి ఒక సైజు చిన్నవి, అది నాకు తెలుసు.

3. ఈ అంశము కొంచెం పొడుగు. చదివేవారు మధ్యలో కాఫీ తాగకూడదు.

పొట్టివాడంటే మా అడవిలో రెండు కాళ్ల మీద నడిచే, నడుమెత్తు ఉండే, ఒళ్లంతా వెంట్రుకలున్న జీవి. మనిషి కాదు, కోతీ కాదు. వాడి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మా తాత చెప్పాడు, ఆయనకి వాళ్ల తాత చెప్పాడు. అంచేత అడుగుజాడ దొరికితే మడమ వైపు వెతకాలని మాలో పసిపిల్లలకి కూడా తెలుసు.

1989లో రోస్నిదార్ పై తోటలో దాల్చిన చెక్క వొలుస్తూ వాణ్ణి చూసింది. అడవి అల్లం కాడ నములుతూ నిలబడ్డాడట. దిగి వచ్చి కాఫీ కొట్టు ముందే చెప్పింది. పాదాలు ఎలా ఉన్నాయని అడిగితే, మన పాదాల్లాగే తిన్నగా ఉన్నాయంది. అంతే, కొట్టు గొల్లుమంది. తిన్నగా ఉంటే వాడు పొట్టివాడు కాదమ్మా, మీ మావయ్య అయుంటాడన్నారు. అందరూ నా మొహం చూశారు. నేను, ఆమె మొగుణ్ణి, అన్న మాట ఇది: "కోతిని చూసి జడుసుకుంది. వదిలెయ్యండి."

ఆ రోజు నుంచి ఆమెకి తిన్నని పాదాల రోస్నిదార్ అని పేరు పడింది. పెళ్లిళ్లలో కూడా అలాగే పిలిచారు. ఆమె మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

నేను మాత్రం మర్నాటి నుంచే అడవి పట్టాను. నాకు కనిపించనిది ఆమెకి కనిపించిందన్న ఉడుకుమోతుతనం. ముప్పై మూడేళ్లు వెతికాను. పదకొండు జాడలు దొరికాయి. ప్రతిసారీ మడమ వైపే నడిచాను, చెట్లకి కెమెరాలూ అటే కట్టాను. అడవిపందులు పడ్డాయి, ఒకసారి తాతగారు పడ్డారు (పులిని అడవిలో పేరు పెట్టి పిలవం), చాలాసార్లు నా వీపే పడింది.

రెండేళ్ల కిందట, మా అక్క చిన్న కూతురు యుల్మైనీతో వెళ్లినప్పుడు, వాగు బురదలో పన్నెండో జాడ. ఇంకా నీరు ఊరుతోంది. మడమ వైపు చూస్తే నిటారు ఎక్కుడు. వేళ్ల వైపు దిగుడు. నా మోకాళ్లు ససేమిరా అన్నాయి. సరే, ఈ పూటకి దిగుదాం పదమ్మా అన్నాను. నలభై అడుగుల్లో నమిలి పారేసిన అల్లం కాడ, ఇంకా తడిగా. ఇంకాస్త దూరంలో పేము ముల్లుకి మూడు వెంట్రుకలు. అది దాటితే రోస్నిదార్ దాల్చిన తోట. అక్కడే కూలబడి ఏడ్చాను. పొట్టివాడి కోసం కాదు.

ఇంటికొచ్చి చెప్తే ఆమె మిరపకాయలు నూరుతూ, తలెత్తకుండా, "అంత చుట్టు తిరిగి వచ్చావా? కాళ్లు కడుక్కో, అన్నం పెడతాను" అంది.

కాఫీ కొట్టులో చెప్పడానికి మాత్రం ఈ రెండేళ్లూ నాకు నోరు రాలేదు. సిగ్గేసింది. అందుకే ఇప్పుడు నస్రుల్ గారి నోటితో చెప్పిస్తున్నాను: రోస్నిదార్ చూసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తప్పు నాది.

4. ఆ మూడు వెంట్రుకలూ, జాడల పుస్తకమూ యుల్మైనీకి. పరీక్షకి పంపుతుందో, పొయ్యిలో వేస్తుందో ఆమె ఇష్టం. బోను పట్టుకొచ్చే వాళ్లకి మాత్రం చోటు చెప్పరాదు.

5. పన్నెండో జాడ మీద పోసి తీసిన సున్నపు అచ్చు కాఫీ కొట్టుకి. పంచదార డబ్బా పక్కన, వేళ్లు మా ఇంటి వైపు ఉండేలా పెట్టవలెను. మడమ తట్టు తిప్పిన వాడికి ఆ రోజు కాఫీ లేదు.

6. నా భార్య రోస్నిదార్‌కు ఈ వీలునామా ద్వారా ఏమీ ఇవ్వడం లేదు. ఒక్క చెంచా కూడా. మతం ప్రకారం ఆమెకి రావలసినది ఎలాగూ వస్తుంది. వీలునామాలో లబ్ధి పొందేవారు దానికి సాక్షి సంతకం పెట్టకూడదని నస్రుల్ గారన్నారు. ముప్పై అయిదేళ్లుగా ఈ ఊళ్లో ఆమె సాక్ష్యం ఎవరూ తీసుకోలేదు. ఈ ఒక్క కాగితం మీదైనా తీసుకోవాలి. అందుకని నేను ఆమెకి ఇవ్వగలిగింది ఏమీ ఇవ్వకపోవడమే. చెప్తే నవ్వింది. కలం ఎక్కడుందని అడిగింది.

నేను సంతోషంగా ఉన్నాను. మూడు వెంట్రుకలు చూశాను, చాలు.

2024 ఆగస్టు 11, ఆయెర్ పాకు.

(సంతకం) నజ్వీర్

సాక్షులు:
1. నస్రుల్, గ్రామపెద్ద
2. రోస్నిదార్. నేను చూశాను.