చనిపోయిన తరువాత నాలుగు మాత్రలు

జ్వరాల నివారణ విభాగం పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
జైనూర్ దారిలోని చింతరేగడిగూడ నివాసి, దర్జీ మక్బూల్, వయస్సు 58 సంవత్సరాలు, వ్రాసుకున్న అర్జీ.

విషయం: మలేరియా మాత్ర పడని రక్తం మా ఇంట్లో ఉన్నందున, రెండవ కొడుకుకు ఆ మాత్ర ఇచ్చుటకు ముందు పరీక్ష చేయించుట గురించి. (ఇది నాలుగవ అర్జీ.)

అయ్యా,

ఇరవై ఏండ్లుగా మా ఊరివాళ్ల అర్జీలన్నీ నేనే వ్రాస్తున్నాను. బట్ట కొలిచినట్టే మాట కూడా కొలిచి వ్రాస్తానని నాకు పేరు. ఈసారి కొలత తప్పితే మన్నించగలరు.

1. నా పెద్ద కొడుకు షోయబ్, వయస్సు 27, రెండేండ్ల క్రితం ఆగస్టులో చలిజ్వరంతో పడుకున్నాడు. రక్తం చూసి మలేరియా అన్నారు. జ్వరం తిరగబెట్టకుండా 3వ తేదీ నుండి పద్నాలుగు దినాలు ప్రైమాక్విన్ మాత్ర వేసుకోవలెనని, ఒక్కటి తప్పినా జ్వరం మొండికేస్తుందని ఆశా కార్యకర్త నర్మద చెప్పినది. పైవాళ్లు ఆమెకు నేర్పినదే ఆమె మాకు చెప్పినది.

2. మూడవ దినం షోయబ్ మూత్రం నల్ల చాయ్ రంగులో పడినది. కండ్లు పచ్చబడినవి. మేము పసిరికలు (కామెర్లు) అనుకున్నాము. మా దిక్కు కండ్లు పచ్చబడితే దవాఖానకు ఎవరూ పోరు, పసరు తాగి ఉప్పుకారం మానుతారు. మేమూ అదే చేసినాము. పొద్దున పరగడుపున పసరు, అన్నం తిన్నాక మాత్ర. ఏడవ దినం వాడు, "అబ్బా, మాత్ర ఏస్కుంటే నడుం ఇరుగుతున్నది, గీ ఒక్కరోజు ఇడుస్త" అన్నాడు. "మధ్యల ఇడిస్తే జ్వరం మొండికెత్తుతది బేటా, మింగు" అని నేనే గ్లాసు పట్టి మింగించినాను. ఈ వాక్యం అర్జీకి అవసరం లేదు. అయినా ఉండనివ్వండి.

3. పదవ దినం, అనగా 12వ తేదీన, ఆదిలాబాద్ తీసుకుపోయినాము. కొందరి రక్తంలో పుట్టుకతోనే ఒక ఎంజైము తక్కువ ఉంటుందని, వారికి ఈ మాత్ర వేస్తే ఎర్రకణాలు పగిలిపోతాయని, అది తల్లి నుండి కొడుకులకు వస్తుందని అక్కడి డాక్టరు వివరముగా చెప్పినారు. వారు చెప్పేసరికి షోయబ్ లేడు.

4. నా మొదటి అర్జీకి తమ కార్యాలయం ఇచ్చిన జవాబు: "రిజిస్టరు ప్రకారం సదరు రోగి పద్నాలుగు మాత్రలు పూర్తిగా వాడి స్వస్థత పొందినాడు. కావున ఫిర్యాదు మూసివేయనైనది." అయ్యా, సదరు రోగిని 13వ తేదీ మధ్యాహ్నం నమాజు తరువాత మట్టిలో పెట్టినాము. 13, 14, 15, 16 తేదీల గడులలో కూడా టిక్కులు ఉన్నవి. సమాధిలో నుండి నాలుగు మాత్రలు మింగిన ఇంత విధేయుడైన రోగి తమ విభాగంలో ఇంకెవరైనా ఉన్నారా? ఆ రిజిస్టరు నింపే నర్మదను అడిగితే ఏడ్చినది. "గడి ఖాళీ ఉంటే పై సార్లు ఊకోరు చాచా. గా నాలుగు గడులల్ల ఏం రాయాల్నో నాకు తెల్వలే" అన్నది. ఆమెను శిక్షించమని నేను అడుగుటలేదు.

5. ఇప్పుడు నా రెండవ కొడుకు యూనుస్, వయస్సు 23, అదే జ్వరంతో ఆరు నెలల్లో నాలుగవసారి పడుకున్నాడు. మాత్ర వేయనిదే జ్వరం పోదు. పరీక్ష చేయనిదే మాత్ర వేయరాదు. పరీక్ష మా దగ్గర లేదు. రెండుసార్లు వాని రక్తం తీసి పంపినారు. ఒకసారి దారిలో ఐసు కరిగి చెడిపోయినది, ఒకసారి శని, ఆదివారాలు ఎవరి బల్ల మీదనో ఉండి చెడిపోయినది. లోపం ఉన్నవారికి వారానికొకసారి డాక్టరు కండ్ల ముందు మందు ఇచ్చే పద్ధతి ఉన్నదట. అది కూడా పరీక్ష తరువాతి మాటే. వానికి ఆ లోపం ఉండుటకు, లేకపోవుటకు సగం సగం అవకాశమట. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఇంతలో మాది "మందు నిరాకరించిన కుటుంబము" అని తమ నోటీసు మాత్రం చెడిపోకుండా చేరినది.

6. తల్లి నుండి వస్తుందన్న మాట విన్ననాటి నుండి నా భార్య మహబూబ్‌బీ యూనుస్ ముఖం చూచుటలేదు. అన్నం పెట్టి అటు తిరిగి కూర్చుంటుంది. "నా కడుపున పుట్టకుంటే బతుకుతుండె" అంటుంది. దీనికి తమ వద్ద ఏ ఫారము నింపవలెనో తెలియదు.

కావున తమరు దయతో ఆ పరీక్ష మా ఊరికి పంపించి, నాకు మిగిలిన ఒక్క కొడుకును కాపాడవలెనని ప్రార్థన. చిత్తగించరని తెలిసియు, చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
మక్బూల్, దర్జీ

మళ్లీ రాసేది: సార్, సంతకం పెడుతుంటే యూనుస్ వచ్చి పక్కన కూసున్నడు. "నిన్నొకటి, మొన్నొకటి ఏస్కున్న అబ్బా. నర్మదక్క సంచిలకెళ్లి తీసిన. ఎన్ని దినాలని చలికి వణకాలె? సగం సగమేనాయె" అన్నడు. మిగిలినయి గుంజుకోని పొయ్యిల ఏసిన. కడుపులకు పోయినయి తియ్యలేను కద. నడుం నొస్తున్నదారా అంటే గోడకు ఒరిగిండు. వాళ్లమ్మ మాత్రం రెండేండ్ల తర్వాత వాని మొకం రెండు చేతులల్ల పట్టుకోని చూస్తున్నది. జీపు మాట్లాడిన, ఆదిలాబాద్ పోతున్నం. ఈ కాయితం నర్మదనే తెచ్చి మీకు ఇస్తది, ఆమెను ఏమనకండి. ఇగ పరీక్ష పంపుడు అక్కరలేదు సార్, మా ఇంట్లనే మొదలైంది. ఫలితం కావాలంటే ఫోన్ చెయ్యండి. నేనే చెప్త.