మార్త గిన్నెలో ఆకురసం

ఆదివారం, పామిడి

పోయిన వేసవిలో గుత్తి కొండ మీద పరిశోధన కోసమని ఆకు కోసుకుపోయిన యూనివర్సిటీ అమ్మాయికి ఈరోజు ఆరాధన ముగియగానే ఫోన్ చేశాను. ఆ ఆకుతో చేసే క్యాన్సర్ మందు ఎప్పుడు బయటికి వస్తుందని అడిగాను.

"మందు దాకా పోలేదన్నా. గాజు పాత్రలో ఆ ఆకు జబ్బు కణాలను చంపింది, నిజమే. మంచి కణాలను కూడా చంపుతాండాది. ఎవరూ తాగకూడదు."

ప్రభువా, ఇదేం న్యాయం? కడుపులో గడ్డకు ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపేశాక నా భార్య మార్తకు మిగిలింది ఆ ఆకు ఒక్కటే. చదువుకున్నవాళ్లు సంచులు నింపుకుపోయారు కాబట్టి అది మందేనని నమ్మాం. ఈ ఎండిన కొండ మీద దేవుడు స్వస్థత మొలిపించాడని నేను నా సంఘం ముందు గొంతు చించుకుని ప్రకటించాను.

ఇంటికి వచ్చేసరికి మార్త రసం తీసి, గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. రోజూ నేను గిన్నె మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాకే తాగుతుంది.

"యాడికి పోయినావప్పా ఇంతసేపు? ప్రార్థన చెయ్యి. ఆ చేదు కూడా రవ్వంత తగ్గించమను."

గిన్నె తీసుకుని వాకిట్లో పారబోశాను. ఆ అమ్మాయి చెప్పిందంతా చెప్పాను.

మార్త నా చేతిలోంచి ఖాళీ గిన్నె తీసుకుని బోర్లించింది. "అయితే రేపు దేని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తావు?" అని అడిగింది.

రాత్రయినా, ఆమె అడిగినదానికి ఒక వాక్యం దొరుకుతుందేమోనని బైబిలు తిప్పుతూనే ఉన్నాను.