పరుగులోళ్లమైన ముచ్చట

శుక్రవారం, మరిపెడ

ఇయ్యాల ఓట్ల కోసం ఆ దొర మనుమడు మా ఇంటికి వచ్చిండు. బచ్చన్నపేట దిక్కు మా తాతతోని వెట్టి చేయించుకున్న దొర. మనుమనికి ఆ సంగతి తెల్వదు. నేను పాత సర్పంచును, వాడకట్టు నా మాట ఇంటదని వచ్చిండు.

చాయ్ తాగుకుంట, "పరుగుల అంటే గిదేం ఇంటిపేరే అన్నా? మీ తాత పందెంల ఉరికిండా?" అన్నడు. ఎంబడొచ్చినోళ్లంత నవ్విండ్రు.

"వెట్టికి రానంటె మీ తాత కుక్కలను ఉసిగొల్పిండు. అందుకు ఉరికిండు మా తాత," అన్న. మా నాయినమ్మ చంటిపిల్లను సంకనేసుకొని ఉరికిందని, జనగామ దాటకముందే ఆ పిల్ల పానం ఇడిసిందని చెప్పిన. ఈడికి చేరినంక జనం మమ్మల్ని పరుగులోళ్లు అన్నరు, బడిల గదే రాసిండ్రు.

"పాత ముచ్చట్లు ఇప్పుడెందుకన్నా?"

"నువ్వే అడిగితివి గద తమ్మీ. రేపు మీటింగుల మైకు పట్టి గిదే చెప్పు. అప్పుడు ఓట్ల సంగతి మాట్లాడుకుందం."

చాయ్ సగంల పెట్టి లేచి పోయిండు.

వాడు చెప్పడు. నేనే ఇల్లిల్లు తిరిగి చెప్త. "వాడు గెలిస్తె మనల్ని బతకనిస్తడా?" అని నా పెండ్లాం యశోద ఒకటే ఏడుపు. అయినా నల్లబడ్డ వాని మొకం యాదికొస్తె నా కడుపు సల్లగైతున్నది. వాడు పుట్టకముందు జరిగినదానికి వాని మీద ఇంత కసి ఏందో. ఇడువబుద్ధి అయితలేదు. నాయినమ్మ ఉంటె సంబురపడునో, లేక నన్నే తిట్టునో...